రెండు మార్పు బిందువుల రిగ్రెషన్: ప్యాకేజీ కంటే ముందు గ్రిడ్

ఉష్ణోగ్రతను బట్టి కరెంటు వాడకం రెండు చోట్ల (మార్పు బిందువుల దగ్గర) వాలు మార్చుకుంటోందని, దానికి ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఏ ప్యాకేజీ మంచిదని ఒకరు అడిగారు. గీత తెగకుండా వంగుతుందనుకుంటే, గణాంకవేత్త ముజ్జెయో 2003లో ప్రతిపాదించిన పద్ధతిపై నడిచే సెగ్మెంటెడ్ అనే ప్యాకేజీ చాలు. నా అనుభవంలో మాత్రం చిక్కంతా ప్యాకేజీలో కాదు, మార్పు బిందువులు ఎక్కడుండొచ్చో మనం దానికి మొదట ఇచ్చే అంచనాల్లో, అంటే ఆరంభ విలువల్లో ఉంటుంది.

ఢిల్లీలో చదువుకునే రోజుల్లో మా హాస్టల్ మీటరు రీడింగులు ఏడాది పాటు తీసుకున్నాను. చలికాలంలో గీజర్లు, హీటర్లు, ఎండాకాలంలో కూలర్లు, ఏసీలు. మధ్యలో చదునైన భాగం. ఆరంభ విలువలుగా 28, 30 డిగ్రీలు ఇస్తే రెండో బిందువు 31 దగ్గర తేలింది, అది ఎంతో శాస్త్రీయంగా కనిపించడంతో మా గైడుకు చూపించేశాను. ఆయన ఒకే ప్రశ్న అడిగారు: దానికి కుడివైపున ఎన్ని రోజులున్నాయి? లెక్కపెడితే ఆరు. అన్ని తక్కువ రోజులతో వచ్చిన వాలును నమ్మలేం.

ఆ రాత్రి 10 నుంచి 34 డిగ్రీల వరకు అర డిగ్రీ చొప్పున 49 విలువలు (ఇదే గ్రిడ్) తీసుకుని, వాటితో ఏర్పడే 1,176 జతల్లో ఒక్కొక్కదానికీ మామూలు రిగ్రెషన్ వేసి, అవశేషాల (గీతకూ అసలు రీడింగులకూ ఉన్న తేడాల) వర్గాల మొత్తాన్ని పటంగా గీశాను. ఆ మొత్తం ఎంత తక్కువైతే గీత అంత బాగా కుదిరినట్టు. మొదటి బిందువు 17 దగ్గర నిక్కచ్చిగా నిలిచింది. రెండోది 22 నుంచి 26 దాకా చదునైన లోయలో ఎక్కడైనా ఉండవచ్చని తేలింది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఒక్క అంకె ఈ లోయను చూపించదు.

స్ట్రక్‌చేంజ్ అనే మరో ఆర్ ప్యాకేజీ వాడేవారికి ఒక హెచ్చరిక. అది వరుసల క్రమంలోనే విరుపులు వెతుకుతుంది కాబట్టి డేటా తేదీల వారీగా ఉంటే ఉష్ణోగ్రత కాదు, తేదీ చెబుతుంది. పైగా అక్కడ గీత తెగిపోవచ్చు. ఇక మార్పు ఉందా లేదా అన్న పరీక్షకు, మామూలు గణాంక పరీక్షల్లో వాడే కై-స్క్వేర్ పట్టిక తెరిచేవారిని చూస్తే నాకు ఇప్పటికీ చిరాకే. మార్పే లేదనుకున్నప్పుడు మార్పు బిందువు అన్న పరామితికి అర్థమే ఉండదు గనుక ఆ పట్టిక చెల్లదని గణాంకవేత్త డేవిస్ 1977లోనే చర్చించాడు. సెగ్మెంటెడ్‌లో ఆయన పరీక్ష సిద్ధంగా ఉంది.

గ్రిడ్‌లో కనిష్ఠం వచ్చిన జతనే ఆరంభ విలువలుగా ఇవ్వండి. ఆ కనిష్ఠం గ్రిడ్ అంచునే పడితే, రెండో బిందువును వదిలేసి ఒక్కదానితోనే మోడల్ రాయండి.