ఏటిగట్టు నడకను గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా గోదావరి గట్టు పట్టుకుని నడిచి, ఆపైన సముద్రపుటొడ్డున కూడా ఒక రోజు నడవాలని నువ్వూ నీ స్నేహితులూ అనుకుంటున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు కనుక నాలుగు రోజుల్లో ముగించేస్తామని నువ్వు అన్నావట. ఆ మాట విన్న తరువాతే ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

చదునైన దారిని చులకన చేయకు. కొండ ఎక్కేటప్పుడు కాలిలో ఒక భాగం శ్రమపడితే దిగేటప్పుడు మరొక భాగం శ్రమపడుతుంది. ఆ మార్పులోనే కొంత విశ్రాంతి ఉంటుంది. గట్టు మీద అది దొరకదు. ఉదయం మొదటి అడుగుకు ఏ కండరం, ఏ కీలు పనిచేసిందో సాయంత్రం చివరి అడుగుకూ అవే పనిచేయాలి. పైగా ఆయాసం రాదు కాబట్టి, ఎక్కువ నడుస్తున్నామన్న సంగతి శరీరం మనకు సమయానికి చెప్పదు. నేను మొదటిసారి నడిచినప్పుడు ఒక్క రోజులోనే ధవళేశ్వరం నుంచి రావులపాలెం చేరి, నా అంతటివాడు లేడనుకుని పడుకున్నాను. మర్నాడు మోకాలి కింద ఎముక వెంబడి పట్టుకున్న నొప్పికి రెండు రోజులు లాడ్జి గది దాటలేకపోయాను. రోజుకు 15 నుంచి 18 కిలోమీటర్లు మించవద్దు. మొదటి రెండు రోజులు ఇంకా తక్కువైనా నష్టం లేదు. గంటకొకసారి, అలసట లేకపోయినా సరే, కూర్చుని చెప్పులు విప్పి పాదాలకు గాలి తగలనివ్వండి. ఆ లెక్కన గట్టుకు ఆరు రోజులు, సముద్రానికి ఒక రోజు పెట్టుకోవాలి.

కాలం విషయంలో మాత్రం బేరం లేదు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకే ఈ నడక. జూలై నుంచి అక్టోబరు దాకా గట్టు నడిచేవారిది కాదు, గోదావరిది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఎగురవేస్తారు. మూడవ హెచ్చరిక నాటికి సముద్రానికి 17 లక్షల క్యూసెక్కుల నీరు పోతూ ఉంటుంది. 1986 ఆగస్టులో అంతకు రెట్టింపు, అంటే 35 లక్షల దాకా వచ్చి గట్లు తెగిన సంగతి మీ అమ్మను అడిగితే చెబుతుంది. పులస చేప తినాలన్న కోరిక ఉంటే వరదల రోజుల్లో బస్సులో రా, నడిచి రావద్దు.

దారి సంగతికి వస్తాను. ధవళేశ్వరంలో బయలుదేరే ముందు కాటన్ మ్యూజియం చూసి, తెల్లవారుజామున బ్యారేజీ ఎక్కండి. బ్యారేజీ మొత్తానికి 175 గేట్లు ఉన్నా మీరు దాటవలసినవి ధవళేశ్వరం, ర్యాలీ చేతుల (బ్యారేజీ భాగాలను అలా అంటారు) మీద ఉన్నవి మాత్రమే. ఈ రెండు చేతుల నడుమ పిచ్చుకలంక వస్తుంది, రెండవది దాటగానే బొబ్బర్లంక. అక్కడి నుంచి గోదావరి పాయలు రెండూ, గౌతమి మీ ఎడమ వైపుకు, వశిష్ఠ కుడి వైపుకు విడిపోతాయి. బ్యారేజీ మీద బస్సులూ లారీలూ ఒరుసుకుంటూ పోతాయి గనుక మాటలు కట్టిపెట్టి ఒకరి వెనుక ఒకరు నడవండి. ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కోవాలని మీకు ఎలాగూ అనిపిస్తుంది. కొనుక్కోండి, కానీ అక్కడే తినేయండి. సంచిలో వేసుకుంటే సాయంత్రానికి పొడి మిగులుతుంది.

రావులపాలెం దాటాక గట్టు ప్రశాంతంగా ఉంటుంది. ఒక పక్క అరటి, కొబ్బరి తోటలు, మరొక పక్క లంకలు (నది మధ్య దీవులు), మధ్యలో నీడ లేని గట్టు. ఆ నీడ లేకపోవడమే అసలు కష్టం. దక్షిణానికి నడుస్తారు గనుక చలికాలపు మధ్యాహ్నపు ఎండ నేరుగా ముఖానికి కొడుతుంది. అయిదింటికి లేచి, వెలుగు రాగానే బయలుదేరి, పదకొండుకల్లా ఆ రోజు నడకలో మూడు వంతులు ముగించాలి. మిగిలినది నాలుగు దాటాక. చీకటి పడ్డాక మాత్రం గట్టు మీద అడుగు వేయవద్దు. గడ్డిలో రక్తపింజర ఉంటే టార్చి వెలుగులో కూడా ఎండుటాకులానే కనబడుతుంది. మధ్యాహ్నం విశ్రాంతికి కొబ్బరిచెట్టు కింద పడుకోవద్దని కోనసీమ పిల్లలకు చెప్పనక్కరలేదు, మీరు హైదరాబాదులో పెరిగారు కనుక చెబుతున్నాను. మామిడిచెట్టో, గుడి అరుగో చూసుకోండి.

గన్నవరానికి ఎగువన వశిష్ఠ నుంచి వైనతేయ పాయ విడిపోతుంది. దాన్ని దాటితేనే రాజోలు దీవిలోకి వెళ్తారు. ఇక్కడ తొందరపడి పడవ వెతకవద్దు, అక్విడక్టు మీదుగా నడవండి. కింద నది, పైన కాలువ, దాని పక్కన మనం. నీటి మీద నీరు ప్రవహించే చోట నిలబడి చూడడం ఎన్నిసార్లయినా నాకు విసుగు పుట్టలేదు. పాతది కాటన్ కాలం నాటిది. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వంతెనలు లేని రోజుల్లో లంకలు దాటి నడిచివచ్చే బాటసారులకు వేళ కాని వేళ కూడా అన్నం వండి పెట్టిన ఇల్లాలు ఆమె. మీలా కాలినడకన వచ్చినవాళ్లే ఆమె అతిథులు కాబట్టి ఆమె ఊరైన గన్నవరంలో కాసేపు ఆగడం మర్యాద.

రాజోలు, దిండి, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరేటప్పటికి నీళ్ల లెక్క మారుతుంది. సముద్రం దగ్గరపడే కొద్దీ బోరు నీళ్లు ఉప్పదేలుతాయి. పై ఊళ్లలో రెండు లీటర్లు సరిపోతే ఇక్కడ మనిషికి మూడు లీటర్లు మోయాలి. కొబ్బరి బోండాలు దొరుకుతాయిలే అన్న ధీమా వద్దు. తోట కనబడినంత మాత్రాన దింపేవాడు కనబడడు.

సముద్రపు నడకను అంతర్వేది నుంచి మొదలుపెట్టవద్దు. తెల్లవారకముందే ఆటో మాట్లాడుకుని తూర్పున వైనతేయ సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న కరవాక చేరి, అక్కడి నుంచి అంతర్వేది వైపు నడవండి. అప్పుడు ఉదయపు ఎండ, చలికాలపు ఈశాన్యపు గాలి రెండూ వీపు వైపు ఉంటాయి. పోటు (సముద్రం పొంగడం), పాటు (వెనక్కి తగ్గడం) వేళలు ముందురోజే జాలర్లను అడిగి తెలుసుకోండి. రోజురోజుకూ అవి ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతాయి, అమావాస్య పున్నములకు పోటు బాగా పైకి వస్తుంది. పాటు మీద నడిస్తే తడి ఇసుక గట్టిగా, దాదాపు చదునుగా దొరుకుతుంది. పోటు మీద నడిస్తే వాలుగా ఉన్న మెత్తని ఇసుకే మిగులుతుంది. ఒక కాలు ఎత్తునా, ఒక కాలు పల్లానా పడి తుంటి పట్టేస్తుంది.

ఈ ఒడ్డున నేను నిజంగా భయపడేవి మురుగు కాలువలు సముద్రంలో కలిసే చోట్లు. శంకరగుప్తం డ్రెయిన్ వంటివి చూడడానికి మోకాలి లోతు అనిపిస్తాయి. పోటు వేళ సముద్రం వాటిలోకి ఎంత లోపలికి ఎగదన్నుతుందో, ఆ ఉప్పునీటికి తలలు వాల్చి మోడులైన కొబ్బరిచెట్లే చెబుతాయి. అటువంటి చోట కాలు దించకుండా ఊరి వైపు తిరిగి వంతెన మీదుగానే దాటండి. రెండు మూడు కిలోమీటర్లు అదనమైనా సరే. జనవరి తరువాతయితే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు ఒడ్డుకు వస్తాయి. ఇసుకలో వాటి జాడలు కనబడితే తొక్కకుండా, తవ్వకుండా పక్కకు తప్పుకోండి.

సామాను ఆరేడు కిలోలు దాటనివ్వకు. కొత్త బూట్లు వేసుకుని రావద్దు, నెల రోజులు అరిగినవే వేసుకో. మీ అత్తయ్య సీసాలో కొబ్బరినూనె ఇచ్చి పంపుతుంది. పొద్దున్నే కాలివేళ్ల మధ్య రాసుకుని మేజోళ్లు తొడుక్కుంటే పొక్కులు సగం తగ్గుతాయి.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహ స్వామి కల్యాణం భీష్మ ఏకాదశికి ముందురోజు, మాఘ శుద్ధ దశమి రాత్రి జరుగుతుంది. ఆ వారంలో చేరితే సత్రంలో పడుకోవడానికి చాప చోటు కూడా దొరకదు కనుక క్యాలెండరు చూసి తేదీలు పెట్టుకో. చివరి సాయంత్రం అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరకు వెళ్లి, నదీ జలం, సముద్ర జలం వేరువేరు రంగుల్లో ఆనుకుని ఉండడం చూసి, మర్నాడు సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పడవ) ఎక్కి నరసాపురంలో దిగితే అక్కడి నుంచి మీకు రైలు ఉంది. ఆ రైలుకు టికెట్టు మాత్రం అనుకున్న రోజుకు కాక, ఒక రోజు తరువాతకు తీసుకో.

ఇట్లు,
మామయ్య