వాషింగ్టన్ పుట్టినప్పుడు అమెరికా ఎక్కడుంది?

ప్రశ్న: మాస్టారూ, మా మనవడు 2021లో డల్లాస్‌లో పుట్టాడు. అప్పటికి మా అల్లుడు హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద, అమ్మాయి భార్యగా వచ్చే హెచ్‌-4 వీసా మీద ఉన్నారు. వీడు పెద్దయ్యాక అమెరికా ప్రెసిడెంట్ కూడా కావచ్చని అమ్మాయి మురిసిపోతుంది. మా వారేమో ఒప్పుకోరు. ‘పుట్టుకతో పౌరుడై ఉండాలంటారు సరే, వాషింగ్టన్ పుట్టేనాటికి అసలు ఆ దేశమే లేదు, మరి ఆయనెలా అయ్యాడు?’ అంటారు. అక్కడ పుట్టిన పిల్లల పౌరసత్వం గురించి పేపర్లో వచ్చే వార్తలు చూస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది. కాస్త వివరంగా చెప్పండి.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, మీ వారు అడిగింది చాలా మంచి ప్రశ్న. గుంటూరులో డిగ్రీ పిల్లలకు అమెరికా చరిత్ర చెప్పే రోజుల్లో ఈ పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. అడగని ఏడాది నాకు వెలితిగా ఉండేది.

వాషింగ్టన్ 1732లో వర్జీనియాలో పుట్టాడు. అప్పటికి అది బ్రిటిష్ వలస, ఆయన ఇంగ్లండు రాజుగారి ప్రజ. ఆయన తర్వాత ప్రెసిడెంట్లయిన ఆడమ్స్, జెఫర్సన్, మాడిసన్, మన్రో అందరూ అంతే. స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1776 జులై 4న. ఆ తర్వాత పుట్టి ప్రెసిడెంట్ అయిన మొదటి మనిషి ఎనిమిదోవాడైన మార్టిన్ వాన్ బ్యూరెన్, 1782లో పుట్టాడు. వాళ్ళింట్లో మాట్లాడేది డచ్చి భాష. ఆయన తర్వాత వచ్చిన హారిసన్ మళ్ళీ 1773లో, అంటే రాజుగారి కాలంలోనే పుట్టినవాడు.

మనకూ ఇలాంటిదే ఉంది. 1953 అక్టోబరు 1కి ముందు గుంటూరులో పుట్టినవాళ్ళంతా మద్రాసు రాష్ట్రంలో పుట్టినవాళ్ళే. వాళ్ళు ఊరు కదల్లేదు, రాష్ట్రమే మారింది. అలాగే వాషింగ్టన్ కాళ్ళ కింద దేశం మారింది.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్ళకు ఈ చిక్కు తెలుసు. అందుకే ప్రెసిడెంట్ పదవికి పుట్టుకతో పౌరుడైనవాడు గానీ, ఈ రాజ్యాంగం ఆమోదం పొందేనాటికి పౌరుడిగా ఉన్నవాడు గానీ అర్హుడని రాశారు. 35 ఏళ్ళు నిండాలని కూడా పెట్టారు. లెక్క వేసి చూడండి, ఆ రెండో మాట లేకపోతే స్వతంత్ర దేశంలో పుట్టి 35 నిండినవాడు దొరకడానికి 1811 దాకా ఆగాలి. వెస్టిండీస్‌లోని నెవిస్ దీవిలో పుట్టిన అలెగ్జాండర్ హామిల్టన్ కూడా ఆ రెండో మాట వల్ల పోటీకి అర్హుడే. పరాయి దేశంలో పుట్టినవాడి చేతికి సైన్యం పగ్గాలు వెళ్ళకూడదన్నది అప్పటి భయం. అప్పట్లో విదేశీ వ్యవహారాలు చూసే జాన్ జే ఆ సంగతే 1787 జులైలో వాషింగ్టన్‌కు ఉత్తరం రాశాడు.

అయితే పుట్టుకతో పౌరుడంటే ఎవరో మాత్రం అందులో రాయలేదు. గడ్డ మీద పుడితే చాలన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ఆచారం. ఇక్కడే నాకు మనసు కలుక్కుమంటుంది. జెఫర్సన్, మాడిసన్ తోటల్లో బానిసల బిడ్డలు కూడా అదే వర్జీనియా మట్టి మీద పుట్టారు, వాళ్ళు మాత్రం లెక్కలోకి రాలేదు. 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస స్వేచ్ఛ కోసం వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతివాళ్ళు, స్వేచ్ఛ పొందినా సరే, పౌరులు కాలేరని తేల్చేసింది. తర్వాత బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరిగింది, లక్షల మంది చచ్చిపోయారు. అప్పుడుగానీ 1868లో 14వ సవరణ రాలేదు. అమెరికాలో పుట్టి, ఆ దేశ చట్టాల పరిధిలో ఉన్నవాళ్ళందరూ పౌరులే అంటుంది అది. మీ మనవడికి ఆ హక్కు వాషింగ్టన్ ఇచ్చింది కాదమ్మా, ఆ బానిసల బిడ్డల కోసం రాసుకున్న సవరణ ఇచ్చింది. ఈ సంగతి వాడికి తప్పకుండా చెప్పండి.

అది వలస వచ్చినవాళ్ళ పిల్లలకూ వర్తిస్తుందని గట్టి చేసినవాడు వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు. 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టాడు. చైనా వెళ్ళి 1895 ఆగస్టులో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదంటూ రేవులో దిగనివ్వలేదు. తాను పుట్టిన ఊరు కళ్ళెదురుగా కనిపిస్తుంటే నెలల తరబడి ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మారుస్తూ నీళ్ళ మీదే ఉంచారు. ఆయన కోర్టుకెక్కాడు. 1898లో సుప్రీంకోర్టు ఆరుగురు ఇద్దరుగా చీలి, ఆయన పౌరుడేనని తీర్పు చెప్పింది. ఓక్లాండ్‌లో పుట్టిన కమలా హారిస్ తల్లి మన చెన్నై వైపు ఆవిడ, తండ్రి జమైకా ఆయన. కమల పుట్టేనాటికి ఇద్దరూ అక్కడి పౌరులు కారు. అయినా ఆమె వైస్ ప్రెసిడెంట్ అయ్యారు. ఆ పదవికీ ఇవే అర్హతలు.

ఇక మీ టెన్షన్ సంగతి. 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే ఆ బిడ్డకు పౌరసత్వ పత్రాలు ఇవ్వొద్దంటుంది. వెంటనే కోర్టుల్లో కేసులు పడ్డాయి. ఆ ఉత్తర్వు 30 రోజులు గడిచాక పుట్టే పిల్లలకే అని దానిలోనే రాసి ఉంది. 2021లో పుట్టిన మీవాడి జోలికి అది రాదు. మన దేశంలోనూ 1987 జులై 1 నుంచి ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రావడం లేదు, తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు నుంచి ఇంకా బిగించారు.

కాబట్టి మీ అమ్మాయి మాటే నిజం. మీవాడికి 2056లో 35 నిండుతాయి. అప్పటికి 14 ఏళ్ళు అమెరికాలో నివాసం ఉండి ఉండాలి. మీ దగ్గర పటమటలో కొన్నేళ్ళు పెరిగినా పౌరసత్వానికి ఢోకా లేదు, ఆ 14 ఏళ్ళు మాత్రం చూసుకోవాలి. టెక్సస్‌లో ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ భద్రంగా దాచమని, పాస్‌పోర్టు గడువు దాటకముందే కొత్తది తీయించమని అమ్మాయికి చెప్పండి.