అద్దె కాగితాలు బయటికి తియ్యి

చిరంజీవి చిన్నాకు మావయ్య ఆశీస్సులు.

2025 మార్చి 31 నాటికి మీ కంపెనీ నెట్‌వర్త్ (వాటాదార్ల మూలధనం, మిగులు నిధులు కలిపి) 250 కోట్లు దాటిందనీ, ఇక ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారమే లెక్కలు రాయాలని ఆడిటర్లు అన్నారనీ రాశావు. మీ ఎండీగారు దీన్ని ఉత్త ఫార్మాట్ మార్పు అనుకుంటున్నారట. ముందు ఆయనకు ఆ అపోహ పోగొట్టు.

తేదీల సంగతి చూడు. స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కాని కంపెనీ ఒక సంవత్సరాంతానికి మొదటిసారి ఆ హద్దు దాటితే, మరుసటి సంవత్సరం నుంచే ఇండ్ ఏఎస్ వర్తిస్తుంది. మీకు అది 2025-26. పక్కన పోలికకు చూపే 2024-25 అంకెలు కూడా అదే పద్ధతిలో ఉండాలి కాబట్టి ప్రారంభ బ్యాలెన్స్ షీట్ 2024 ఏప్రిల్ 1 నాటికి తయారు కావాలి. ముగించేసిన ఏడాదిని మళ్ళీ తవ్వాలన్నమాట. ఒకసారి ఇందులోకి వచ్చాక నెట్‌వర్త్ తగ్గిందని పాత పద్ధతికి పోవడానికి లేదు.

మీది బట్టల షోరూముల వ్యాపారం. కౌంటర్ దగ్గర అమ్మి అక్కడికక్కడే డబ్బు తీసుకుంటారు గనుక ఆదాయం మీద వచ్చిన ఇండ్ ఏఎస్ 115వ ప్రమాణంతో పెద్ద తంటా లేదు. గిఫ్ట్ వోచర్లు, లాయల్టీ పాయింట్లు ఉంటే వాటిని చూసుకో, చాలు. అసలు బరువంతా లీజుల మీద వచ్చిన 116వ ప్రమాణంలో ఉంది. ఇండ్ ఏఎస్ కంపెనీలకు అది 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నదే. మీకు మాత్రం ఇప్పుడే కొత్త.

ఎండీగారికి ఒక్క షాపు లెక్క వేసి చూపించు. ఏడాదికి 12 లక్షల అద్దె, 5 ఏళ్ళ లీజు, వడ్డీ రేటు 9 శాతం, ఏటా చివర్లో చెల్లింపు అనుకో. రాబోయే అద్దెల ఈనాటి విలువ దాదాపు 46.68 లక్షలు. అంత అప్పు ఒకవైపు, షాపు వాడుకునే హక్కు పేరుతో అంత ఆస్తి మరోవైపు బ్యాలెన్స్ షీట్‌లోకి వస్తాయి. లాభనష్టాల్లో ఇక అద్దె కనపడదు. మొదటి ఏడాది తరుగుదల 9.34, వడ్డీ 4.20, కలిపి 13.54 లక్షల ఖర్చు. ఐదో ఏడాదికి అదే 10.33కి దిగుతుంది. అయిదేళ్ళకూ కలిపితే అవే 60 లక్షలు, ఇంటి ఓనరుకి వెళ్ళే డబ్బులో పైసా తేడా లేదు. కానీ ఏటా కొత్త షోరూములు తెరుస్తూ పోయే మీలాంటి కంపెనీలో లేత లీజులే ఎక్కువ కాబట్టి లాభం తగ్గినట్టే కనిపిస్తూ ఉంటుంది. ఎబిటా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం, మాత్రం అద్దె మేరకు పెరుగుతుంది. షోరూమ్ మేనేజర్ల ఇన్సెంటివ్ ఎబిటా మీద కట్టి ఉంటే ఆ టార్గెట్లు ఇప్పుడే సవరించండి, లేకపోతే ఎవరూ కష్టపడకుండానే అందరికీ బోనస్ వస్తుంది.

ఇక పేచీ అంతా పదకొండు నెలల అగ్రిమెంట్ల దగ్గర. రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి మనవాళ్ళు రాసుకునేవి. పన్నెండు నెలల్లోపు లీజుకు 116లో మినహాయింపు ఉంది గనుక వీటన్నిటినీ పక్కన పెట్టేద్దామని మీ అకౌంట్స్ వాళ్ళు అంటారు. ఒప్పుకోకు. రెండు కోట్లు పెట్టి ఇంటీరియర్లు చేయించి, ఎనిమిదేళ్ళుగా అదే కూడలిలో ఉన్న షోరూమ్‌ని పదకొండో నెలలో ఖాళీ చేస్తామంటే ఏ ఆడిటరు నమ్ముతాడు? కాగితం మీది గడువొక్కటే కాదు, వదిలిపోతే ఎవరికెంత నష్టమో కూడా చూడాలి. ఒక్కో షాపుకీ విడిగా నిర్ణయం తీసుకుని, కారణం రాసి ఫైల్లో పెట్టు.

మూడేళ్ళకోసారి 15 శాతం పెంపు అని రాసి ఉంటే అది అప్పు లెక్కలోకి వస్తుంది. మాల్‌లో అమ్మకాల మీద శాతంగా కట్టే అద్దె రాదు, దాన్ని ఎప్పటికప్పుడు ఖర్చు రాసుకోవడమే. ఓనర్లకిచ్చిన వడ్డీ లేని అడ్వాన్సుల్నీ మర్చిపోకు. పది లక్షలిస్తే పది లక్షలుగా చూపడం కుదరదు, నేటి విలువకు తగ్గించి మిగతాది వాడుకునే హక్కులో కలపాలి.

వడ్డీ రేటు ఎక్కువ పెడితే అప్పు చిన్నదిగా కనిపిస్తుంది. ఆ ఆశ మీ ఎండీగారికి పుడుతుంది, నాకు తెలుసు. అంత కాలానికి, అలాంటి హామీతో బ్యాంకు మీకు ఎంతకు అప్పిచ్చేదో అదే రేటు. బ్యాంకు నుంచి లెటర్ తీసుకో.

బ్యాంకు అంటే గుర్తొచ్చింది, నన్నడిగితే అన్నిటికన్నా తొందర పని అదే. అప్పు మంజూరు చేస్తూ ఇచ్చిన శాంక్షన్ లెటర్లో టీఓఎల్-టీఎన్‌డబ్ల్యూ హద్దు ఉంటుంది కదా, అంటే మొత్తం బాకీలు కంపెనీ సొంత నిధులకు ఎన్ని రెట్లు దాటకూడదో అది. ఈ లీజు అప్పులన్నీ పైకి వస్తే అది ఒక్క రాత్రిలో దాటిపోవచ్చు. ఆడిట్ అయ్యాక బ్యాంకు కనిపెడితే సంజాయిషీ, ముందే మనం వెళ్తే మామూలు చర్చ. పాత పద్ధతిలో, కొత్త పద్ధతిలో రెండు వరసల అంకెలు పట్టుకెళ్ళి, లీజు అప్పును వదిలేసి రేషియో కట్టేలా రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఐపీఓ ఆలోచన ఉంది కాబట్టి ఇది మరీ ముఖ్యం.

ఇన్‌కమ్‌టాక్స్‌లో మాత్రం కట్టిన అద్దే ఖర్చు. పుస్తకాలకీ దానికీ తేడా వస్తుంది, ఆ తేడా వల్ల ముందుముందు మారే పన్నుకు డిఫర్డ్ టాక్స్ లెక్క తప్పదు. దాన్ని మీ ఆడిటర్లు చూసుకుంటారు.

ఈ వారంలో ఒక ఎక్సెల్ షీట్ చెయ్యి. ప్రతి షోరూముకీ సంతకం తేదీ, గడువు, లాక్-ఇన్ (మధ్యలో వదిలిపోకూడని కాలం) ఎవరికెంత, నోటీసు ఎన్ని నెలలు, పెంపు, అడ్వాన్స్, ఇంటీరియర్ ఖర్చు. రాజమండ్రి, కరీంనగర్ షాపుల అసలు కాగితాలు అక్కడి మేనేజర్ల బీరువాల్లో ఉన్నాయన్నావు, ఫోన్లో అడగకు, మనిషిని పంపి తెప్పించు. షీట్ పూర్తయ్యాక నాకు పంపు, ఆడిటర్లతో కూర్చునే ముందు ఒకసారి చూస్తాను.

మీ మావయ్య