‘చెల్లింది’ చాలదా?

సందేహం: అయ్యా, శుభ శుక్రవారం ఆరాధనలో మా పాస్టరుగారు సిలువ మీది ఆరో మాట ‘సమాప్తమైనది’ని వివరిస్తూ, దానికి అసలు అర్థం ‘చెల్లు’ అన్నారు. ఇది నిజమా? ‘నా అప్పు చెల్లించబడింది’ అనాలా, ‘చెల్లింపబడింది’ అనాలా? ‘సిలువ’, ‘శిలువ’లలో ఏది ఒప్పు? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: రెండూ వద్దు. ‘చెల్లింది’ అనండి. తనంతట తాను పని జరుపుకొనే క్రియ ఇంట్లో ఉండగా ‘బడు’ను పిలుచుకురావడం ఈ కాలపు జాడ్యం. పత్రికలవారికీ ప్రసంగీకులకూ ఇది సమంగా అంటింది.

‘చెల్లు’ ఎంత గొప్ప మాటో చూడండి. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్లు. కన్నడంలో ‘సల్లు’ ఉంది. మూలంలో ఉన్నది గమనమే. రోజులు గడిస్తే కాలం చెల్లింది, నాణెం చేతులు మారితే చెల్లింది, బాకీ తీరితే చెల్లింది. 2016 నవంబరులో పత్రికలు ‘నోట్ల రద్దు’ అని రాశాయి గాని, సంతలో జనం ‘పాత 500 చెల్లదు’ అనే అన్నారు. ‘ఆ మాట ఆయనకే చెల్లు’ అన్నప్పుడు తగును అని అర్థం. మన సీమలో బాకీ తీరాక ప్రోనోటు మీద అడ్డగీత గీసి, ‘చెల్లు’ అని రాసి, వేలిముద్ర వేసినవాడి చేతికే ఇస్తారు. ఆ కాగితం అందుకున్నవాడి ముఖం చూసినవారికి నిఘంటువు అక్కర్లేదు.

ఇక పాస్టరుగారి మాట. ‘సమాప్తమైనది’కి మూలంలో ఉన్న గ్రీకు క్రియకు ముగించు, నెరవేర్చు అన్నవే ప్రధానార్థాలు. దేవాలయపు పన్ను కట్టే సందర్భంలో మత్తయి 17లో అదే క్రియ వచ్చింది కాబట్టి ‘చెల్లు’ను పూర్తిగా తోసిపుచ్చను. అయితే యోహాను సువార్తలో ఆ ఘట్టానికి ‘సమాప్తమైనది’ అన్నదే నిండుగా ఉంది. అప్పు పోలిక కావాలంటే కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14 చాలు: ఋణపత్రాన్ని మేకులతో సిలువకు కొట్టిన సంగతి అక్కడ సూటిగానే ఉంది.

నా పేచీ వేరు. ‘అప్పు చెల్లింది, ఇక ఎవరికీ బాకీ లేను’ అని సాక్ష్యం చెప్పి కూర్చునేవారిని విన్నాను. అది ‘చెల్లుకు చెల్లు’ అనుకోవడం. మత్తయి 18లో పదివేల తలాంతుల కొండంత బాకీ మాఫీ అయిన దాసుడు, బయటికి రాగానే నూరు దేనారాల చిన్న బాకీకి తోటివాడి గొంతు పట్టుకున్నాడు. చివరికి వాడి మాఫీయే రద్దయింది. పౌలు మాట రోమా 13:8లో చూడండి: ‘ఒకని నొకడు ప్రేమించుట విషయములో తప్ప మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు.’ అచ్చియుండటం అంటే ఋణపడి ఉండటం. ‘నష్టం అచ్చుకున్నాడు’ అనే పలుకుబడిలో ఆ ధాతువు ఇంకా ఊపిరి పీలుస్తోంది. అంటే సిలువను నమ్మినవాడికి ఒక ఖాతా మూసి, మరొకటి తెరిచారు. అంగట్లో తూకం సరిగా వేయడం, కూలి ఆ పొద్దే ఇవ్వడం, ఇంట్లో గొంతు తగ్గించడం ఈ రెండో ఖాతాలోని పద్దులు. ఇది ఎన్నటికీ చెల్లదు. ‘చెల్లదు’ను మీరు ఏ అర్థంలో తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు, పాత 500 నోటుకు జనం వాడిన అర్థంలో తప్ప.

‘సిలువ’ అనే మాట సిరియాక్ భాష నుంచి తమిళ, మలయాళాల మీదుగా వచ్చిందంటారు. అక్కడ ‘స’కారమే. తెలుగు బైబిలూ అలాగే అచ్చువేసింది. ‘శిలువ’ అలవాటైనవారిని దిద్దబోను.