ఫార్మాట్ కొట్టించకు, అమ్మలూ

చిరంజీవి అమ్మలూకి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోన్‌లో షాపు కంప్యూటర్ లేవడం లేదని నువ్వు అంత కంగారుగా మాట్లాడితే నాకు నిద్ర పట్టలేదు. మాఘమాసం ముహూర్తాలు నెత్తిమీద ఉన్నాయి, షాపులో పదకొండు శుభలేఖల పని సగంలో ఉంది, అన్నిటికీ మించి మీ నాన్న పద్యాలు పాడిన రికార్డింగులు అందులోనే ఉన్నాయి. టెన్షన్ పడకుండా ఎలా ఉంటావు? ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఇది రాసి వాట్సాప్‌లో పెడుతున్నాను. ప్రింట్ తీయించుకుని పక్కన పెట్టుకో.

మీ వీధి చివర కుర్రాడు "ఫార్మాట్ కొట్టేస్తే అరగంటలో అయిపోతుంది అక్కా" అన్నాడని చెప్పావు. వద్దమ్మా. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నవి చెరిపెయ్యడమే. ఆ అబ్బాయి చెడ్డవాడని కాదు. అతని చేతికి వచ్చింది ఆగిపోయిన మిషను, దాన్ని నడిపించి ఇస్తే అతని పని అయిపోయినట్టే. నీకు కావలసింది అది కాదు. కంప్యూటర్ ఇంకోటి కొనుక్కోవచ్చు, బావ గొంతు కొనలేం. కాబట్టి ముందు ఫైళ్లు బయటికి తియ్యాలి, రిపేరు ఆ తర్వాతే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఇరవై ఆరేళ్లు రిపేరు బల్ల ముందు కూర్చుని నేను ఖాయంగా నేర్చుకున్నది ఇదొక్కటే.

ముందుగా ప్లగ్ పీకెయ్. మళ్లీ ఒకసారి ఆన్ చేసి చూద్దాం, ఈసారి వస్తుందేమో అని ఊరికే ప్రయత్నించకు. ఆన్ చేసిన ప్రతిసారీ విండోస్ తనంతట తాను డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. డిస్కు దెబ్బతిని ఉంటే ఆ కాస్త పనికే ఇంకా పాడవుతుంది.

ఆ తర్వాత ఒక కాగితం తీసుకుని కంప్యూటర్‌లో ఏమేం ఉన్నాయో రాయి. బావ పాటలు, ఫొటోలు, నడుస్తున్న ఆర్డర్లు, పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, కోరల్ డ్రా డిజైన్లు, టాలీ లెక్కలు, "అను" తెలుగు ఫాంట్లు. ఒక్కోటి ఎక్కడ దాచావో పక్కన రాయి. "డేటా ఏమైనా కావాలా?" అని మెకానిక్ అడిగితే చాలామంది "పెద్దగా ఏం లేదండీ" అనేస్తారు. ఇంటికి వెళ్లాక గుర్తొస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి నీకు చెప్పాలి. 2004లో ఒక రిటైర్డ్ మాస్టారు తన కంప్యూటర్ తెచ్చారు. "డీ డ్రైవ్‌లో ఉన్నవి పోకూడదు బాబూ" అన్నారు. డీ జోలికి పోకుండా సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి, విండోస్ కొత్తగా వేసి ఇచ్చాను. సాయంత్రం ఆయన మళ్లీ వచ్చారు. ఏడేళ్లుగా టైప్ చేసుకుంటున్న తమ ఊరి చరిత్ర డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్లో ఉండేదట. తెర మీద ఎదురుగా కనిపించే ఫోల్డర్ సీ డ్రైవ్‌లోనే ఉంటుందని ఆయనకి తెలియదు. తెలిసిన నేను అడగలేదు. వెతికే సాఫ్ట్‌వేర్లు పెట్టి రెండు రాత్రులు కూర్చుంటే మూడో వంతు దొరికింది, అదీ ఫైళ్ల పేర్లు లేకుండా ముక్కలుముక్కలుగా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత "డెస్క్‌టాప్ మీద ఏమున్నాయి?" అని అడగకుండా నేను ఏ మిషనూ ముట్టుకోలేదు.

కాబట్టి గుర్తుంచుకో: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, నువ్వు మార్చకపోతే ఇవన్నీ సీ డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ లోపల నీ పేరు కింద ఉంటాయి. "సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, మీ డేటా డీలో సేఫ్" అని ఎవరన్నా అంటే ఇది తలచుకో.

ఇప్పుడు నీ మిషను సంగతి. అసలు కరెంటే రాకపోయినా, ఫ్యాను తిరిగి తెర నల్లగా ఉండిపోయినా నేను ఇంత రాసేవాణ్ణి కాదు. అలాంటప్పుడు గోల చాలావరకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టెలోనో ర్యామ్‌లోనో ఉంటుంది, డిస్కు దిట్టంగానే ఉంటుంది. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, క్లిప్ టక్కుమనేదాకా నొక్కితే లేచి కూర్చున్న మిషన్లు వందలు చూశాను. నీది అలా కాదు. లోగో వస్తోంది, చుక్కలు తిరుగుతున్నాయి, తర్వాత నీలం తెర. నువ్వు పంపిన ఫొటోలో కింద "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని ఉంది. అంటే విండోస్ మొదలైంది కానీ తను ఉన్న డిస్కునే తను చదువుకోలేకపోతోంది.

దానికి కారణాలు నాలుగైదు. డిస్కు పాడవడం వాటిలో ఒకటి మాత్రమే. వదులైన కేబుల్ కావచ్చు, సరిగ్గా పడని అప్‌డేట్ కావచ్చు. 2024 జూలై 19 గుర్తుందా, విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చిన రోజు? ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ తప్పు అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర దగ్గర ఆగిపోయాయి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే లేచాయి. లోపలి డేటా ఎక్కడిది అక్కడే ఉంది. మిషను లేవనంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదమ్మా.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. పోయిన వారం బిల్లుల మీద తేదీ పాత సంవత్సరం పడుతోందని అన్నావు చూడు, అప్పుడే నేను పట్టుకోవాల్సింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి సెల్లు ఒకటి ఉంటుంది, సీఆర్ 2032, మూడు వోల్టులది. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ గడియారంతో పాటు బయోస్ సెట్టింగులు, అంటే మిషను లేచేటప్పుడు మొదట చూసుకునేవి కూడా మొదటికి రావచ్చు. డిస్కుతో మాట్లాడే పద్ధతి కూడా అక్కడి సెట్టింగే. మీది 2013 నాటి బోర్డు. ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో ఉన్నది ఐడీఈ అనే పాత పద్ధతికి మారిపోయి ఉంటే విండోస్ సరిగ్గా ఇదే నీలం తెర చూపిస్తుంది. నా అనుమానం నిజమైతే ఇది సెల్లు మార్చి సెట్టింగ్ సరిచేసే చిన్న పని, దానికి ఫార్మాట్ కొట్టేవాళ్లం! అయినా డిస్కు కూడా అంత పాతదే కాబట్టి, ముందు ఫైళ్లు తీశాకే సెల్లు మారుద్దాం.

తియ్యడం ఎలాగంటే, అల్లుడు గారిని పక్కన పెట్టుకుని కేబినెట్ ఎడమ పక్క రేకు తియ్యి. ప్లగ్ పీకి ఉందో లేదో మళ్లీ చూసుకో. లోపలి ఇనుప ఫ్రేమ్‌ని ఒకసారి చేత్తో తాకి ఆ తర్వాత మిగతావి ముట్టుకో, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. హార్డ్ డిస్కుకి రెండు కేబుళ్లుంటాయి, సన్నది డేటాది, వెడల్పుది కరెంటుది. రెండూ ఎల్ ఆకారంలో ఉంటాయి కాబట్టి తిరగేసి పెట్టలేం. తీసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకో. తీశాక డిస్కుని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. బల్ల మీద ఠపీమని పెట్టినా లోపల గీత పడవచ్చు.

దాన్ని మీ మరిది కంప్యూటర్‌లో రెండో డిస్కుగా తగిలించండి. ఆన్ చేయగానే చెవి పెట్టి వినండి. సన్నగా గుయ్‌మంటూ తిరిగితే మంచిదే. టిక్, టిక్, టిక్ అని గడియారంలా కొట్టుకుంటే మాత్రం ఆ క్షణమే ఆపెయ్యాలి. లోపల చదివే ముల్లు దెబ్బతిందని అర్థం. తిరిగినకొద్దీ ఫైళ్లు రాసి ఉండే పళ్లేన్ని గీకేస్తుంది. దాన్ని విప్పి చూడకండి, ఫ్రిజ్‌లో పెట్టమని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ల మాట అసలు వినకండి. అలాంటి డిస్కు దుమ్ములేని గదిలో తెరిచే డేటా రికవరీ వాళ్లకే వెళ్లాలి. నిన్న ఫోను కేబినెట్ దగ్గర పెట్టమన్నది అందుకే. నాకు ఫ్యాను చప్పుడే వినిపించింది, అది కొంత ధైర్యం.

విండోస్ వస్తూ వస్తూ "స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్" అని మొదలుపెడితే, ఆపడానికి కొన్ని సెకన్లు ఇస్తుంది, ఏదో ఒక మీట నొక్కి ఆపించు. మంచి డిస్కుకి ఆ రిపేరు మేలే చేస్తుంది కానీ ప్రాణం మీదకొచ్చిన డిస్కుని చంపేస్తుంది. "ఫార్మాట్ చేస్తేనే ఈ డిస్కు వాడగలరు" అని పెట్టె వస్తే క్యాన్సిల్. అది ప్రశ్న మాత్రమే, ఆజ్ఞ కాదు. అదే కనిపిస్తే అక్కడితో ఆపి నాకు ఫోన్ చెయ్. డిస్కుకి వేసే తాళం లాంటిది బిట్‌లాకర్, దాని కీ అడిగితే 48 అంకెల నంబరు కావాలి, అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో రికవరీ కీ అనే చోట ఉంటుంది. మీ పాత మిషన్‌లో అది ఉండకపోవచ్చు గానీ నీ కొత్త ల్యాప్‌టాప్‌లో ఉండొచ్చు, ఈ రోజే లాగిన్ అయి ఆ నంబరు కాగితం మీద రాసి బీరువాలో పెట్టు.

డిస్కు తెరుచుకుంటే ముందు బావ రికార్డింగులు. యూజర్స్ ఫోల్డర్ మొత్తం ఒకేసారి లాగకు, మధ్యలో ఒక ఫైలు మొరాయిస్తే వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. ఒక్కో ఫోల్డర్ విడిగా, కాపీ మాత్రమే. కట్ వద్దు. అవి అయ్యాక నడుస్తున్న శుభలేఖలు, టాలీ డేటా, ఆ తర్వాత పాతవి. కాపీ వేగం ఉన్నట్టుండి కేబీల్లోకి పడిపోయి, ఒకే ఫైలు దగ్గర నిమిషాలు నిమిషాలు ఆగిందంటే బలవంతం చెయ్యకు, ఆపెయ్. అప్పుడు డీడీ రెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో నేను మొత్తం డిస్కుని వేరే డిస్కులోకి దింపుతాను. తేలిగ్గా వచ్చే భాగాలు ముందు చదివేసి, దెబ్బతిన్న చోట్లు చివరికి వదిలిపెడుతుంది అది.

మరిది కంప్యూటర్ దొరకకపోతే విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ వేసిన పెన్‌డ్రైవ్‌తో నీ మిషన్నే లేపొచ్చు. అది పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, డిస్కుని ముట్టుకోదు. తెర మీద ఇన్‌స్టాల్ అనే గుర్తు ఉంటుంది, దాని మీద నొక్కడం మాత్రం వద్దు. డిస్కు "రీడ్ ఓన్లీ" అని తెర మీద వస్తే కంగారు పడకు, మనకి చదవడమే కావాలి.

పెన్‌డ్రైవ్ తయారు చేసేవాళ్లు కూడా లేకపోతే ఒక ఉపాయం ఉంది. రెండు మూడు సార్లు లేవకపోతే విండోసే రికవరీ తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. నల్ల తెర మీద ఇంగ్లిష్‌లో నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ నొక్కు. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్. కింద టెక్స్ట్ డాక్యుమెంట్స్ అన్నచోట ఆల్ ఫైల్స్ అని మార్చు. అంతే, ఆ చిన్న పెట్టెలో డ్రైవులన్నీ కనిపిస్తాయి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, కాపీ. పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. అక్కడ సీ కాస్తా డీ అని కనిపించవచ్చు, అక్షరం చూసి బెంబేలెత్తకుండా లోపలేముందో చూడు. కాపీ అవుతున్నంతసేపు తెర బిగుసుకుపోయినట్టు ఉండొచ్చు, ఓపిక పట్టు. దీనికి మిషన్ని మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యాల్సి వస్తుంది, అందుకే ఇది చివర చెప్పాను.

కాపీ అయ్యాక పది ఫైళ్లు తెరిచి చూడాలి. పేరు కనిపించినంత మాత్రాన లోపల ఉన్నట్టు కాదు, బావ పాటలు మొదటి నుంచి చివరిదాకా విను. శుభలేఖల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. పేజ్‌మేకర్ ఫైలు మరిది కంప్యూటర్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లిష్ పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు! అను అక్షరాలు అన్ని మిషన్లూ చదివే యూనికోడ్ పద్ధతిలో ఉండవు, ఆ ఫాంటు లేని మిషన్‌లో అవి అలాగే కనిపిస్తాయి. కరప్ట్ అయ్యాయనుకుని ఇలాంటి ఫైళ్లు డిలీట్ చేసేసుకున్న డీటీపీ వాళ్లని చూశాను. విండోస్ లోపల ఫాంట్స్ ఫోల్డర్ కూడా మొత్తం కాపీ చేసుకో. కోరల్ ఫైలు ఏదైనా తెరుచుకోకపోతే అదే ఫోల్డర్లో "బ్యాకప్ ఆఫ్" అని మొదలయ్యే ఫైలు ఉందేమో చూడు.

ఇవన్నీ రెండు చోట్ల ఉన్నాయని నిర్ధారణ అయ్యాకే రిపేరు. "రీసెట్ దిస్ పీసీ"లో కీప్ మై ఫైల్స్ అని ఉంటుంది, దాన్ని చూసి ఇప్పుడే నొక్కేయకు. నీ ఫైళ్లు ఉంచుతుంది కానీ పేజ్‌మేకర్, కోరల్, అను అన్నీ తీసేస్తుంది. ముహూర్తాల మధ్యలో వాటన్నిటినీ మళ్లీ వేసుకోవడం నీ వల్ల కాదు.

శనివారం రాత్రి బండికి బయల్దేరుతున్నాను, ఆదివారం తెల్లారేసరికి తెనాలిలో ఉంటాను. సెల్లు, డిస్కుకి కొత్త డేటా కేబుల్, ఒక టీబీ ఖాళీ డిస్కు నా సంచిలో ఉంటాయి. ఈలోపు నీకు చేతకాదనిపిస్తే ఏదీ విప్పకు, ప్లగ్ పీకి అలాగే ఉంచు, నేనొచ్చి చేస్తాను. పదకొండు ఆర్డర్ల వాళ్లకీ ఫోన్ చేసి, ప్రూఫులు సోమవారం ఇస్తానని చెప్పు. అక్కకి ఈ సంగతి ఇంకా చెప్పలేదన్నావు, చెప్పెయ్యమ్మా. ఆవిడ ఫోన్‌లో బావ పంపిన పద్యాలు రెండు మూడైనా ఉంటాయి, అవి పోకుండా నీ ఫోన్‌లోకి పంపించుకో.

మీ మామయ్య