కోట ఉంది, రాజు ఉన్నాడు, అయినా రాజ్యం అట్టముక్కలా ఉందా?

రోల్ ప్లేయింగ్ గేమ్ (ఆటగాళ్లు తలో పాత్రా తీసుకుని కలిసి కథ నడిపే ఆట) కోసం మీరో రాజ్యాన్ని కల్పించారు, మీ ఆటగాళ్లు "ఈ రాజుకి డబ్బెక్కడిది?" అని అడిగితే జవాబు లేక ఆగిపోయానన్నారు కదా, అసలు సమస్య అక్కడే ఉందండీ. మ్యాప్ పక్కన పెట్టి ముందు ఒక్క చట్టం రాయండి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చూడండి: అంతకుముందు రాజులు తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవాళ్లు, ఈయనేమో ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల మీద జాలితో సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని రాతి మీద చెక్కించాడు. సుంకం 30వ వంతు.

ఇది మీ రేవులో పెట్టి చూడండి. పాత అలవాటు మానలేని సామంతుడొకడు, రాత్రిపూట తప్పుడు దీపం పెట్టి ఓడల్ని రాళ్ల మీదకి రప్పించే ఊరు (ఇది నా కల్పనే, శాసనంలో లేదు), సరుకు పోయి శాసనం ముందు కూర్చున్న వర్తకుడు. ఇక కథ ఆటగాళ్లే నడుపుతారు.

లోపలి ఊళ్లకైతే చెరువు చాలు, తూము ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లది. డ్రాగన్‌ని మాత్రం తీసేయకండి, దానికీ సుంకం కట్టాలేమో!