వరల్డ్ కప్ పోస్టర్లు చేయడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: నేను తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు పండితుణ్ని. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. తీరా ఇప్పుడు బీటెక్ వద్దు, వరల్డ్ కప్ లాంటి పెద్ద టోర్నీలకు సోషల్ మీడియా గ్రాఫిక్స్ చేస్తానంటున్నాడు. మ్యాచ్ ఉన్న రోజు రాత్రి పన్నెండైనా సిస్టమ్ ముందు నుంచి లేవడు. అసలు ఇది ఉద్యోగమేనా? బీటెక్ మంచిదా, డిజైన్ మంచిదా? పోల్చి చెప్పండి.

జవాబు: మాస్టారూ, ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు నాలుగైనా వస్తాయి. కొన్నాళ్లు ఫొటోగ్రఫీ అన్నారు, కొన్నాళ్లు గేమింగ్ అన్నారు, ఇప్పుడు గ్రాఫిక్స్. కోర్సు పేరు మారుతుంది గానీ, కింద ఉన్న భయం ఒకటే. 'మావాడు ఏం చేస్తున్నాడని నలుగురికీ చెప్పుకోవాలి?' దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ పనేమిటో చూద్దాం. మీకే కాదు, మీవాడికి కూడా అది సగమే తెలుసని నా అనుమానం.

2023లో మన దేశంలో జరిగిన వన్డే వరల్డ్ కప్‌నే తీసుకోండి. 46 రోజులు, 10 స్టేడియాలు, 48 మ్యాచ్‌లు. నా దగ్గర సలహా తీసుకున్న కుర్రాడొకడు ఆ సీజన్‌కు ఒక ఏజెన్సీలో కాంట్రాక్టు మీద చేరాడు. మొదటి మ్యాచ్‌కు చాలా రోజుల ముందే వాడి పని మొదలైంది. జట్టుకు 15 మంది చొప్పున 10 జట్లు, అంటే 150 మంది ఆటగాళ్ల ఫొటోలు. ఒక్కొక్క ఫొటోలో వెనకాల ఉన్నదంతా తీసేసి, జుట్టు అంచులు దిద్దుతూ కూర్చోవాలి. ఆ తర్వాత టాస్, తుది జట్టు, వికెట్, హాఫ్ సెంచరీ, సెంచరీ, ఫలితం... వీటన్నిటికీ టెంప్లేట్లు, అంటే ఫొటో, పేరు, అంకె మారిస్తే చాలనేలా ముందే చేసిపెట్టుకున్న కార్డులు. ప్రతిదీ నిలువుగా ఒకటి, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీకి ఒకటి, అడ్డంగా ఒకటి. సిక్స్ కొట్టాక డిజైన్ మొదలుపెట్టేవాడికి ఈ లైన్లో చోటు లేదు. అప్పటికి ఫొటో మార్చి, అంకె మార్చి, పేరు సరిచూసి వదలడం మాత్రమే మిగలాలి.

ఇంత సిద్ధంగా ఉన్నా ఆట మాట వినదు. నవంబర్ 6న ఢిల్లీలో శ్రీలంక, బంగ్లాదేశ్ మ్యాచ్. ఏంజెలో మాథ్యూస్ క్రీజులోకి వచ్చాడు, హెల్మెట్ పట్టీ తెగింది, గడువులోగా బంతి ఎదుర్కోడానికి సిద్ధం కాలేదని ఒక్క బంతీ ఆడకుండానే 'టైమ్డ్ అవుట్' అయ్యాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో అంతకుముందు ఎవరూ అలా అవుట్ కాలేదు. నేను చెప్పిన కుర్రాడి వికెట్ టెంప్లేట్లలో బౌల్డ్ ఉంది, క్యాచ్ ఉంది, రనౌట్ ఉంది, ఇది లేదు. పైగా ఆ వికెట్ బౌలర్ ఖాతాలోకి వెళ్లదు కాబట్టి, బౌలర్ పేరుతో ఉన్న కార్డు వదిలితే తప్పు. కంగారులో వాడు దాదాపు వదిలేశాడు, పక్కనున్న సీనియర్ చెయ్యి పట్టుకుని ఆపాడట.

మర్నాడు వాంఖడేలో ఆఫ్ఘనిస్తాన్ మీద ఆస్ట్రేలియా 7 వికెట్లకు 91. 'ఆఫ్ఘన్ సంచలనం' అని కార్డు తయారైపోయింది. అక్కడి నుంచి మ్యాక్స్‌వెల్ కాళ్లు పట్టేసినా నిలబడి బాదుతూనే ఉన్నాడు. 195 దగ్గర కొట్టిన సిక్స్‌తో 201, అదే బంతికి మ్యాచ్ కూడా గెలిచారు. డబుల్ సెంచరీ కార్డు, విజయం కార్డు రెండూ ఒకే క్షణంలో కావాల్సి వచ్చాయి. ముందు ఏది వదలాలి? ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్ తీసుకోదు. ఆట తెలిసిన మనిషి తీసుకోవాలి.

కాబట్టి ఇది ఉద్యోగమే, అందులోనూ ఒళ్లు వంచే ఉద్యోగం.

ఇక నా అనుమానాలు. ఇవి మీవాడు చదవాలి. ఆ 46 రోజులు అయ్యాక ఏమిటి? ఆ కుర్రాడికి కాంట్రాక్టు అయిపోయింది, రెండు నెలలు ఖాళీ, ఆఖరి బిల్లు కోసం మరో నెల ఫోన్లు. చాలామందికి ఇది ఏడాది పొడవునా ఉండే కొలువు కాదు, సీజన్ పని. రెండోది, స్కోరు కార్డు లాంటివి ఇప్పుడు డేటా ఫీడ్ నుంచి, అంటే మ్యాచ్ అంకెల్ని ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు నుంచి, వాటంతట అవే నిండిపోతున్నాయి. అంకెలు మార్చడమే పనిగా పెట్టుకున్నవాడికి కష్టకాలం ముందుంది. మూడోది, ఆరు నెలల్లో స్పోర్ట్స్ డిజైనర్ని చేస్తామని లక్షలు అడిగే కోర్సులు. వాటిలో నేర్పేది చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. దొరకనిది డెడ్‌లైన్, అది వాళ్ల దగ్గరా లేదు. నాలుగోది ఫ్యాన్ పేజీ. నెట్‌లో దొరికిన వార్తా ఏజెన్సీ ఫొటో మీద పేరు రాసి పెట్టి లైకులు లెక్కపెట్టుకోవడం వేరు. హక్కులు కొన్న ఫొటోతో, స్పాన్సర్ లోగో ఎక్కడ ఎంత సైజులో ఉండాలో చెప్పిన కాగితం ముందు పెట్టుకుని చేయడం వేరు.

ఇప్పుడు మీ సంగతి. ఉత్తరం మొత్తంలో మీవాడు చేసిన ఒక్క పోస్టర్ గురించి ఒక్క ముక్క లేదు. రాత్రి పన్నెండుదాకా కూర్చుంటున్నాడని రాశారే గానీ, కూర్చుని ఏం చేస్తున్నాడో వెనక నిలబడి చూశారా? చూడలేదనే నాకనిపిస్తోంది. మీ క్లాసులో పిల్లవాడు వ్యాసం రాసి తెస్తే చదవకుండా మార్కులు వేస్తారా? కోపం తెచ్చుకోకండి, నలుగురు ఏమనుకుంటారో అన్న దాంట్లో పదో వంతు శ్రద్ధ దీని మీద పెట్టండి.

పోల్చి చెప్పమన్నారు. మీ గుంటూరు జిల్లాలోనే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఉంది. హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ డిగ్రీ ఉంది, అదే నగరం మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, అప్లైడ్ ఆర్ట్‌లో ఉంది. వీటిలో సీటొస్తే నిశ్చింతగా పంపండి. అక్కడ అక్షరం, రంగు, కూర్పు నేర్పుతారు. అవి క్రికెట్‌కే కాదు, ప్యాకింగ్‌కీ పత్రికకీ యాప్‌కీ పనికొస్తాయి. రాకపోతే బీటెక్‌లో చేరినా కొంపేం మునగదు. కోడింగ్ వచ్చిన డిజైనర్ ఆ డేటా ఫీడ్ టెంప్లేట్లను తనే తయారుచేస్తాడు, వాడికి పనికి లోటుండదు. వద్దన్నది ఒక్కటే, డిగ్రీ ఊసే లేకుండా ఆరు నెలల సర్టిఫికెట్‌తో సరిపెట్టడం. మొదటి రెండేళ్లు జీతం మీ తోడల్లుడి కొడుకు జీతం కన్నా తక్కువే ఉండొచ్చు. ఉండనివ్వండి. పద్దెనిమిదేళ్లకు ఒక పని కోసం నిద్ర మానుకునే పిల్లలు నా దగ్గరికి అరుదుగా వస్తారు. రోజూ నేను చూసేది ఏదీ ఇష్టం లేదనే పిల్లల్నే, నిజంగా భయపడాల్సింది వాళ్ల తల్లిదండ్రులు.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష పెట్టండి. ఈసారి ఇండియా మ్యాచ్ ఉన్న రోజు టాస్ నుంచి ఫలితం దాకా ప్రతి కార్డూ మూడు సైజుల్లో, ఇంగ్లిష్‌లో, తెలుగులో, ఘటన జరిగిన రెండు నిమిషాల్లో తయారుచేయమనండి. తెలుగు దగ్గరే చాలామంది దొరికిపోతారు. సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ సరిగా లేకపోతే ఒత్తు అక్షరం కింద కుదురుకోదు, పక్కకు జారుతుంది. కుదిరినా పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. రామభద్ర లాంటి లావు ఫాంట్ వాడితే మరీను. 'మాథ్యూస్' అని నాలుగుసార్లు రాయమంటే నాలుగు రకాలుగా రాసేవాళ్లున్నారు. తెలుగులో తప్పు లేకుండా, వేగంగా చేసేవాళ్ల కోసం స్పోర్ట్స్ పేజీలు నడిపేవాళ్లు నన్నే అడుగుతుంటారు.

ఆ రోజు ప్రూఫ్ మీరే చూడండి. కుర్చీ వేసుకుని వాడి పక్కనే కూర్చోండి. తప్పు కనిపిస్తే వేలితో చూపించండి చాలు, అరవకండి. అప్పటికే అవతల బౌలర్ పరుగు మొదలుపెట్టి ఉంటాడు.